దుంప సంతకి, ఆకు ఇంటికి

మొన్న ఆదివారం రాజమండ్రి రైతుబజారులో ముల్లంగి అమ్మే ఆవిడ దుంపను ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఆకు జుట్టును మెలితిప్పి తెంపి వెనక్కి విసిరేస్తోంది. ఆవిడ వెనక అప్పటికే మోకాలెత్తు కుప్ప పడింది. నీళ్ళు చల్లిన పచ్చటి ఆకు. ఈనెల సందుల్లో ఇసుక ఇంకా అంటుకునే ఉంది. ఆ కుప్ప చూడగానే నా కాళ్ళు ఆగిపోయాయి.

"ఆ ఆకు ఓ రెండు కట్టలు ఇస్తారాండీ?" అన్నాను.

"ఆవుకాండీ?"

"కాదండీ, మాకే. కూరకి."

ఆవిడ చేస్తున్న పని ఆపి నా మొహంలోకి చూసింది. "లంకోళ్ళాండీ?" అంది.

"ఆయ్" అన్నాను.

వెనక్కి తిరిగి, కుప్ప మీద వడిలిన ఆకుని పక్కకి తోసి, అడుగునుంచి లేత ఆకు ఏరి, కొబ్బరాకు ఈనెతో కట్టి సంచిలో పెట్టింది. డబ్బులు ఇవ్వబోతే "ఆకుకి డబ్బులేంటండీ" అని చెయ్యి అడ్డం పెట్టింది. ఇంటికొచ్చేదాకా సంచిలోంచి ఆ ఆకు వాసన వస్తూనే ఉంది. కాస్త ఆవపిండి ఘాటు, కాస్త తడి ఇసుక. ఇది రాయకుండా ఉండలేకపోతున్నాను.

మా అమ్మమ్మగారి ఊరు గౌతమీ పాయలో ఒక లంక, అంటే ఏటి మధ్య మేట వేసిన దీవి. ధవళేశ్వరం దాటగానే గోదావరి పాయలుగా చీలిపోతుంది కదా, అందులో తూర్పు పాయ గౌతమి. కోటిపల్లి రేవు దరిదాపుల్లో నాటుపడవ ఎక్కితే మా లంక. నాన్నగారి ఉద్యోగం బదిలీల మీద ఉండడంతో అయిదో తరగతి దాకా నన్ను అక్కడే ఉంచారు. తాతయ్యకి సొంతం అరెకరం, కౌలుకి ఇంకో ఎకరంన్నర. ఇసుక కలిసిన ఒండ్రునేల, పలుగు దించితే వెన్నలో దిగినట్టు దిగేది. అలాంటి నేలలో దుంప వంకర పోకుండా నిటారుగా దిగుతుంది. అందుకని మా ఇంట్లో పంటలన్నీ దుంపలే. ఇసుకపర్రలో ముల్లంగి, చిలగడదుంప. బోదె వెంట, నూతి నీళ్ళు పారే చోట చేమ. ఇంటి చుట్టూ మెరక మీద కొబ్బరిచెట్ల నీడన కంద.

ఇన్ని దుంపలు పండించే ఇంట్లో మేం తిన్నది మాత్రం ఎక్కువగా ఆకే. తెల్లవారుజామున చీకటుండగానే ముల్లంగి పీకి, ఏట్లో కడిగి, గంపలకెత్తి పడవ మీద అవతలి గట్టుకి చేర్చేవారు. అక్కణ్ణుంచి రామచంద్రపురం. సంతలో బేరగాళ్ళకి తెల్లగా, నున్నగా, ఒకే సైజున ఉన్న దుంప కావాలి. మీద ఆకు నాలుగు రెమ్మలుంటే చాలు, తాజాదని తెలియడానికి. మిగతా ఆకంతా పొలంలోనే కోసేసేవాళ్ళు. అది మాది. గునపం తగిలిన దుంప, నీరెక్కువై చీలిన దుంప, వేలెడు కూడా ఊరని దుంప కూడా మావే. నిండు చేమదుంపల వేపుడు, కంద ముక్కల పులుసు పెళ్ళిళ్ళలో వడ్డిస్తే అవి మా పొలంలో పండేవే అని ఒక్కోసారి గుర్తొచ్చేది కాదు నాకు. మా కంచంలో అవి అంత కొత్త.

"దుంప సంతకి, ఆకు ఇంటికి" అనేది అమ్మమ్మ. బాధతో అన్న మాట కాదు అది. దుంప మీద వచ్చే డబ్బు కౌలుకి, ఎరువుకి, నా పుస్తకాలకి వెళ్ళిపోయేది. ఆకు మీద మాత్రం ఎవరికీ హక్కు లేదు. కౌలుదస్తావేజులో రాయనిది, బేరగాడు అడగనిది అదొక్కటే.

మధ్యాహ్నం రెండింటికి తాతయ్య ఖాళీ గంపలతో తిరిగొచ్చేవాడు. కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చోగానే అమ్మమ్మ అన్నం పెట్టి, ఆకుకూర వడ్డించి, గరిటె ఇంకా చేతిలో ఉండగానే అడిగేది. "దుంపలెంతకెళ్ళాయండీ?"

తాతయ్య లెక్క ఇంకా పాతకాలం తూకం వీశెల్లోనే ఉండేది. "వీశె ఇంతకి" అని చెప్పేవాడు. ధర బాగుంటే ఆ మాట చెప్పి ముద్ద కలిపేవాడు. బాగోకపోతే ముందు ముద్ద కలిపి, తర్వాత చెప్పేవాడు. ఆ తేడా నాకు ఆరేళ్ళ వయసులోనే పట్టుబడింది.

ముల్లంగి ఆకు గురించి చెప్పాలి ముందు. చాలామంది ఒకసారి వండి, చేదొచ్చిందనో గరగరలాడిందనో మళ్ళీ దాని జోలికి పోరు. ఆ ఆకు మీద సన్నటి నూగు ఉంటుంది. పచ్చిగా చేత్తో నిమిరితే గీరుకుంటుంది. ఉడికాక అదేమీ తెలీదు. అమ్మమ్మ ఆకుని మూడు వాటాలు వేసేది. బయటి ముదురాకు గేదెకి, నడిమి ఆకు తెలగపిండిలోకి, గుండెలో ఉండే లేతాకు పొడికూరకో పప్పులోకో. మూడు వాటాలూ మూడు తట్టల్లోకి పడేవి. నేను పొరపాటున ముదురాకు మన తట్టలో వేస్తే ఏమీ అనకుండా తీసి గేదె తట్టలో వేసేది.

కడగడం అసలు పని. లంక ఆకుకి ఇసుక ఎక్కువ. పెద్ద గాబులో నీళ్ళు నింపి, ఆకుని ముంచి, కాస్త కదిపి, పైకి తియ్యాలి. ఇసుక అడుక్కి దిగుతుంది. ఆకుని గిన్నెలో ఉంచి నీళ్ళు వంపితే మాత్రం, దిగిన ఇసుకంతా మళ్ళీ ఆకు మీదకే వస్తుంది. "నీళ్ళలోంచి ఆకు తియ్యాలి, ఆకులోంచి నీళ్ళు కాదు" అని నాకు నేర్పింది. ఇప్పటికీ కొత్తిమీర కూడా అలాగే కడుగుతాను.

పొడికూరకి లేతాకు సన్నగా తరిగి, ఉప్పు రాసి పావుగంట వదిలేసేది. తర్వాత రెండు చేతులా గట్టిగా పిండితే ఆకుపచ్చటి నీరు కారుతుంది. చేదంతా అందులో పోతుంది. గిద్దెడు పెసరపప్పు ముందే నానేసి ఉంచేది. బూరెల మూకుడులో నూనె వేసి మినప్పప్పు, ఆవాలు, ఎండుమిరపకాయలు, చితక్కొట్టిన వెల్లుల్లి వేగాక పప్పు వేసి నీళ్ళు చిలకరించి, పప్పు నలిగీ నలగకుండా ఉడికాక ఆకు వేసేది. మూత పెట్టకూడదు. మూత పెడితే ఆ ఘాటు ఆకులోనే ఉండిపోతుంది. తీసి ఉంటే ఆవిరితో పాటు వెళ్ళిపోతుంది. సన్న సెగ మీద తడి ఆరిపోయేదాకా వేపి, దించేముందు గుప్పెడు పచ్చికొబ్బరి కోరు. లంకలో ఏ కూరకైనా కొబ్బరి చివరి మాట. వేడన్నంలో ఆ పొడికూర, పక్కన ఊరమిరపకాయ. నాకు ఇప్పటికీ అంతకు మించిన భోజనం తెలీదు.

నడిమి ఆకుది తెలగపిండి దారి. నువ్వుల్లోంచి గానుగ నూనె తీశాక మిగిలే చెక్కే తెలగపిండి. మునగాకుతో తెలగపిండి కూర గోదావరి జిల్లాల్లో అందరికీ తెలుసు, బాలింతలకి పెడతారు. మా ఇంట్లో మునగాకు ఉన్న చోట ముల్లంగి ఆకు ఉండేది. నూనె కొట్టుకి, చెక్క ఇంటికి. దుంప సంతకి, ఆకు ఇంటికి. ఆ రెండూ కలిసి ఒకే మూకుట్లో ఉడికేవి. ఎండు మెత్తళ్ళు దొరికిన రోజున మాత్రం ఆకు వాటికే. మెత్తళ్ళ తలలు తుంచి, పొడి మూకుట్లో వేయించి, వేణ్ణీళ్ళలో కడిగి ఆకుతో కలిపి ఇగురు పెట్టేది. ఆ వాసన పడవరేవు దాకా వచ్చేది. బడి నుంచి పరుగెత్తుకొచ్చేదాన్ని.

చేమాకు అలా లొంగదు. దానితో ఓపిక కావాలి.

వాన పడ్డ పొద్దున చేమాకు మీద నీటిబొట్టు నిలబడదు, ఇంకదు, పాదరసంలా దొర్లుతుంది. ఆకుని అటూ ఇటూ వంచుతూ బొట్టు కింద పడకుండా ఎంతసేపు ఆపగలమో అని మేమంతా పందెం వేసుకునేవాళ్ళం. ఆకు తడవదు, చెయ్యి తడవదు. అంత నున్నటి ఆకు నోట్లో పెడితే సూదులతో గుచ్చినట్టు ఎలా ఉంటుందో అప్పుడు అర్థమయ్యేది కాదు. నిజంగానే సూదులు ఉంటాయట. ఇంటర్‌లో వృక్షశాస్త్రం చదివినప్పుడు తెలిసింది, చేమ కణాల్లో కాల్షియం ఆక్సలేట్ సూది ఆకారంలో స్ఫటికాలుగా ఉంటుందని, నాలుక్కీ గొంతుకీ గుచ్చుకునేవి అవేనని. కందలోనూ అంతే. బాగా ఉడకబెట్టడం, చింతపండు పులుపు దట్టంగా వెయ్యడం దానికి మందు. అమ్మమ్మ ఏ పుస్తకమూ చదవలేదు. చింతపండు మాత్రం ఎప్పుడూ తక్కువ వెయ్యలేదు.

ఆకు కొయ్యడానికీ ఒక పద్ధతి ఉంది. విచ్చుకుని రెండు మూడు రోజులైన ఆకు కొయ్యాలి. చుట్ట విప్పని మొవ్వ ముట్టుకోకూడదు. మొక్కకి ఎప్పుడూ మూడాకులు మిగల్చాలి. "దుంప ఊరేది ఆకు తిన్న ఎండతోనే. మనం ఆకంతా తినేస్తే అది ఏం తిని ఊరుతుంది?" అనేది. అందుకే మా బోదె గట్టు మీద ఒకరోజు ఈ చివర కోస్తే, మర్నాడు ఆ చివర. దుంప బాగా ఊరే నెలల్లో అసలు కోతే ఉండదు. ఆ నెలల్లో చేమాకు పులుసు తినాలని మనసు ఎంత పీకినా సరే.

కోసిన ఆకుని ఒక పూట నీడన వాడబెట్టేది. చేతులకి కొబ్బరినూనె రాసుకుని కత్తిపీట ముందు కూర్చుని, కాడ తీసి, వెనక లావుపాటి ఈనె చెక్కి, ఆకులు ఒకదాని మీద ఒకటి పేర్చి చుట్టి సన్నగా తరిగేది. మట్టిదాకలో చిక్కటి చింతపండు పులుసు మరుగుతుంటే అందులో ఆకు వేసేది. చూస్తుండగానే దాకెడు ఆకు గరిటెడు అవుతుంది. ఉల్లిపాయ, పచ్చిమిరప, పసుపు, ఉప్పు, కారం. కొబ్బరి డొక్కల సెగ మీద ఆకు ఆకులా కనబడకుండా, ముద్దయి, కరిగి చిక్కబడేదాకా. బెల్లం ముక్క, చెంచాడు బియ్యప్పిండి నీళ్ళలో కలిపి పోసి, చివర్లో దంచిన వెల్లుల్లితో ఇంగువ పోపు. మధ్యలో రుచి చూడ్డం నిషేధం. ఆ పూట కంటే మర్నాడు చద్దన్నంలో ఇంకా బాగుంటుంది.

అయిదో తరగతిలో ఉండగా ఒకరోజు అమ్మమ్మ ఏదో పెళ్ళికి అవతలి ఊరు వెళ్ళింది. తాతయ్య సంత నుంచి వచ్చేసరికి చేమాకు పులుసు చేసి పెట్టాలనుకున్నాను. మా బోదె దాకా వెళ్ళకుండా మురుగుకాలవ గట్టున ఉన్న చేమ కోసుకొచ్చాను. దాని కాడ ఊదారంగులో ఉంది, చూశాను, పట్టించుకోలేదు. డబ్బాలో ఉన్న కాస్త చింతపండే వేశాను. ఆకు మెత్తబడింది కదా అని దించేశాను. తాతయ్య రెండు ముద్దలు తిన్నాడు. మూడో ముద్ద దగ్గర ఆగి, గొంతు సవరించుకుని, మజ్జిగ అడిగాడు. అప్పుడు నేను ఒక మెతుకు నాలుక మీద పెట్టుకున్నాను. గొంతంతా ముళ్ళు లేచాయి. ఆయన కళ్ళు ఎర్రబడి ఉన్నాయి, అయినా కంచంలోది వదల్లేదు, మజ్జిగ కలుపుకుని తినేశాడు. నేను గోడవైపు తిరిగి ఏడుస్తుంటే దగ్గరికి పిలిచి, చింతపండు బెల్లం ఉండ చేసి నా నోట్లో ఒకటి, తన నోట్లో ఒకటి పెట్టుకున్నాడు. "తిన్నది నేనమ్మడూ, ఏడుపు నీకెందుకు? కందకి లేని దురద కత్తిపీటకెందుకు?" అన్నాడు.

ఆ సామెత చాలాచోట్ల విన్నాను తర్వాత. అంత మెత్తగా అన్నవాళ్ళని మళ్ళీ చూడలేదు.

కంద ఆకు మాత్రం మా ఇంట్లో కోసేవాళ్ళు కాదు. కందకి ఒకటే కాడ నేలలోంచి లేచి, పైన గొడుగులా విచ్చుకుంటుంది. చూడ్డానికి చిన్న చెట్టులా ఉంటుంది గానీ అదంతా కలిపి ఒక్క ఆకే. దాన్ని కోస్తే కింద దుంపకి ఇంకేం మిగలదు. కంద మొలకలు వండుకునే ఇళ్ళు ఉన్నాయని విన్నాను. మా అమ్మమ్మ ఒప్పుకునేది కాదు. కారణం దుంప ఒక్కటే కాదు, శ్రావణమాసం చివర వచ్చే పోలాల అమావాస్య. ఆ రోజు పిల్లల క్షేమం కోసం తల్లులు పూజ చేసేది కంద మొక్కకే. పిలకలున్న కందని తీసుకొచ్చి, పీట మీద నిలబెట్టి, పసుపుకొమ్ము కట్టిన తోరం దానికి కట్టి, బూరెలూ గారెలూ నైవేద్యం పెడతారు. పక్కన పిలకలతో ఉన్న కంద అంటే పిల్లల్ని చుట్టూ పెట్టుకున్న తల్లే మరి. పనసాకుల బుట్టల్లో పొట్టెక్కలు ఆవిరి మీద ఉడికే వాసన, కంద మొక్క మొదట్లో అంటిన తడి మట్టి వాసన, ఆ రెండూ కలిస్తే నాకు పోలాల అమావాస్య. కంద దుంపతో ఆవ పెట్టిన కంద బచ్చలి కూర గురించి వేరే చెప్పక్కర్లేదు, గోదావరి వాళ్ళ పెళ్ళి విస్తట్లో అది లేకపోతే పెళ్ళి జరిగినట్టు కాదు.

1986 ఆగస్టులో వరద వచ్చింది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ధవళేశ్వరం దగ్గర నీరు 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద అది. ఇప్పటికీ గోదావరి వాళ్ళు ఏ వరద వచ్చినా దానితోనే పోలుస్తారు. మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగుల దగ్గర ఎగరేస్తారు. మా తాతయ్యకి ఆ హెచ్చరికలతో పనిలేదు, రేవులో పాతిన తాటిమొద్దు చూసి చెప్పేవాడు. ఆ సాయంత్రం తాటిమొద్దు కనబడలేదు. గేదెల్ని, మమ్మల్ని, గింజల కుండని పడవెక్కించి ఏటిగట్టు చేర్చాడు. గట్టు మీద తాటాకు పందిళ్ళ కింద పది రోజులు పైనే ఉన్నాం. పులిహోర పొట్లాలు, కిచిడీ, బియ్యం, పప్పు. ఎవరు పెట్టినా చేతులెత్తి దణ్ణం పెట్టాలి వాళ్ళకి. కానీ అన్ని రోజులు నోట్లో పచ్చనిది ఏదీ పడకపోతే నాలుక ఎలా అయిపోతుందో అప్పుడు తెలిసింది. అమ్మమ్మ గట్టు వాలులో గరికలో వెతికి గుప్పెడు పొన్నగంటి కూర తెస్తే, అది చూడ్డానికే నలుగురు వచ్చారు.

నీరు తీశాక వెళితే లంక లంకలా లేదు. మా ఇసుకపర్ర మీద మోకాలి లోతు ఒండ్రు మేట. చేమ బోదె ఎక్కడుందో ఆనవాలు లేదు. కంద కాడలన్నీ కుళ్ళి వాలిపోయాయి. ఇల్లు చేరిన వారంలోపే పోలాల అమావాస్య. ఊళ్ళో ఆడవాళ్ళంతా కంద మొక్క కోసం మొహాలు చూసుకున్నారు. కంద పండించే లంకలో కంద లేదు. చివరికి గట్టు లోపలి ఊళ్ళో ఒక చుట్టాలావిడ తన పెరట్లోంచి మట్టిగడ్డతో సహా ఒక మొక్క తవ్వి పడవలో పంపింది. పదిహేనిళ్ళ వాళ్ళు ఆ ఒక్క మొక్క చుట్టూ చేరి పూజ చేసుకున్నారు. ఒక్క కందకి పదిహేను తోరాలు. నైవేద్యానికి బూరెలు లేవు, బెల్లం ముక్కే పెట్టారు. పూజయ్యాక అమ్మమ్మ ఆ మొక్కని పారెయ్యనివ్వలేదు, మా మెరక మీద గొయ్యి తీసి నాటింది.

గింజల కుండలో తాతయ్య దాచినవి ముల్లంగి గింజలు. ఒండ్రు ఇంకా బురదగా ఉండగానే చల్లేశాడు. దున్నే పనే లేదు. నాలుగో రోజుకి మొలక కనబడింది. నల్లటి ఒండ్రు మీద ఆకుపచ్చ. అందరం వెళ్ళి చూసేవాళ్ళం, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. దుంపకి నలభై రోజులు పైన పడుతుంది. ఆకు మూడు వారాలకే చేతికొస్తుంది. ఒత్తుగా మొలిచిన చోట పలచన చెయ్యాలి కదా, ఆ పీకిన మొక్కలే మాకు తొలి కూర. ఇంకా దుంప దిగని, దారం లాంటి తెల్లటి వేరుతో సహా. అమ్మమ్మ ఆ రోజు పిండలేదు, ఉప్పు రాయలేదు. అంత లేతాకుకి చేదు లేదు. పోపు పెట్టి, ఆకు వేసి, ఉప్పు చల్లి దించేసింది. పొయ్యి దగ్గరే కూర్చుని తినేశాం. లంకలో ఆ రోజు ఏ ఇంట్లో చూసినా అదే కూర. దసరా నాటికి దుంప సంతకి వెళ్ళింది.

చిలగడదుంప ఆకు సంగతి వేరు. శివరాత్రికి దుంపలు ఉడకబెట్టుకుని తింటాం గానీ ఆ తీగని మా ఊళ్ళో కూడా ఎవరూ తినేవాళ్ళు కాదు. దుంప ఊరే ముందు తీగ తిప్పుతారు. లేకపోతే ప్రతి కణుపు దగ్గరా వేరు దిగి, ఎక్కడికక్కడ చిన్న చిన్న దుంపలు కట్టి, అసలు దుంప ఊరదు. ఆ తిప్పినప్పుడు తెగిన తీగలు గేదెలకే. మళ్ళీ నాటడానికి కూడా ఆ తీగ ముక్కలే.

కోనసీమ లంకల నుంచి ఎంతమంది ఆడవాళ్ళు ఇంటిపనికి కువైట్ వెళ్ళారో మీకు తెలుసు. మా పిన్ని కూడా వెళ్ళింది. నాలుగేళ్ళ తర్వాత సెలవుకి వచ్చినప్పుడు, వాళ్ళ పక్కింట్లో పనిచేసే ఫిలిప్పీన్స్ అమ్మాయి గురించి చెప్పింది. మొలకెత్తిన చిలగడదుంపని నూనె డబ్బాలో మట్టి పోసి పాతి, ఆ తీగ కొసలు తుంచి ఉడకబెట్టుకుని చేపతో తినేదట. ఇంటి మీద బెంగ పుట్టిన రోజున తప్పకుండా అదే వండుకునేదట. వాళ్ళ భాషలో ఆ దుంపని కమోటె అంటారు. పిన్ని మొదట "మన గేదెలు తినేది కదమ్మా" అనుకుందట. తర్వాత ఇద్దరూ కలిసే తినేవారట. ఆ మాట చెబుతూ పిన్ని ఏడ్చింది. అమ్మమ్మ అంతా విని, "గేదెకి మాత్రం రుచి తెలీదా?" అని లేచి వెళ్ళి, గుప్పెడు తీగ కొసలు తుంచుకొచ్చి, పిన్ని చెప్పినట్టు ఉడకబెట్టి, తను ఎరిగినట్టు చింతపండు పులుసూ పోపూ పెట్టింది. కాస్త జిగురుగా, బచ్చలికీ తోటకూరకీ మధ్యన ఉంది. ఆ రోజు పిన్ని రెండుసార్లు కలుపుకుంది. అప్పట్నుంచి మా ఇంట్లో అదీ కూరే.

పట్నం వచ్చాక బీట్‌రూట్ ఆకు అలవాటు చేసుకున్నాను, దొరికితే. తోటకూరకి అది చుట్టమే, పప్పులో బాగుంటుంది. అయితే దుంప కదా అని ప్రతిదాని ఆకూ కోసుకోవద్దు. బంగాళాదుంప ఆకు విషం, తినకూడదు. పెద్దాపురం వైపు మెట్టలో సగ్గుబియ్యం కోసం పండించే కర్రపెండలం ఆకులో పచ్చిగా ఉన్నప్పుడు సైనైడ్ ఉంటుంది, పశువుల్ని కూడా దాని దగ్గరికి పోనివ్వరు. మూత్రపిండాల్లో రాళ్ళున్నవాళ్ళు చేమాకు జోలికి వెళ్ళకపోవడం మంచిది.

అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటోంది. ఏడాదిగా తిండి బాగా తగ్గిపోయింది. ఏది వండినా రెండు ముద్దలకి కంచం పక్కకి జరిపేస్తుంది. కాలం కూడా కాస్త కలిసిపోతోంది ఆవిడకి. నిన్నటి సంగతి గుర్తుండదు, లంకలో రేవు మెట్లెన్నో చెబుతుంది.

ఆదివారం తెచ్చిన ఆకుని వంటింటి సింకులో ముంచి తీశాను. మూడు నీళ్ళకీ అడుగున ఇసుక దిగింది. ఉప్పు రాశాను, పిండాను, పెసరపప్పు వేశాను, మూత పెట్టలేదు. పక్క ఫ్లాట్ ఆవిడ తలుపు తీసి, ఏం వండుతున్నారండీ అని అడిగింది. కొబ్బరి కోరు వేసి దించి, వేడన్నంలో కలిపి అమ్మ ముందు పెట్టాను.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని అమ్మ ఆగింది. నెమ్మదిగా నమిలింది. రెండో ముద్ద తనే కలుపుకుంది. మూడోది కూడా. సగం కంచం అయ్యాక తలెత్తి, నా వైపే చూస్తూ, చిన్నప్పుడు అమ్మమ్మ గొంతులో విన్న తీరులోనే అడిగింది.

"దుంపలెంతకెళ్ళాయి?"

గరిటె నా చేతిలోనే ఉంది.

"మంచి ధరకే వెళ్ళాయమ్మా" అన్నాను.

సరేనన్నట్టు తలూపి, ఇంకో ముద్ద కలుపుకుంది.